గోడ మీద రాసింది ఆడపిల్ల కాబట్టేనా ఇంత కోపం?

ప్రశ్న: మాది తిరుపతి. మా వారు చిన్న వ్యాపారం చేస్తారు. మాకు ఇద్దరు పిల్లలు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మాయి పదో తరగతి. పోయిన నెల ఒక రాత్రి, స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటానని చెప్పి వెళ్లిన మా అమ్మాయి, మరో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలతో కలిసి ఒక ప్రభుత్వ కార్యాలయం ప్రహరీగోడ మీద స్ప్రే పెయింటుతో పిల్లి బొమ్మ వేసి, దాని కింద ‘నల్లపిల్లి’ అని పెద్ద అక్షరాలతో రాసింది. ఆ అబ్బాయిలు అక్కడ నిలిపి ఉన్న రెండు స్కూటర్ల అద్దాలు విరగ్గొట్టారు. వాళ్లలో ఒకడు డిగ్రీ చదువుతున్నాడు. కాపలా మనిషి పట్టుకొని పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు మా వారి చేత ఇకపై ఇలా జరగదని కాగితం రాయించుకొని పంపించేశారు. అప్పటి నుంచి ఈయన అమ్మాయితో మాట్లాడటం లేదు. డ్రాయింగ్ క్లాసు మాన్పించారు, ఫోన్ లాక్కున్నారు, పీలేరు దగ్గర ఉన్న అవ్వ ఊరికి పంపేస్తానంటున్నారు. రెండేళ్ల క్రితం మా అబ్బాయి బస్సులో సీట్లు బ్లేడుతో కోసి పట్టుబడితే, ‘మగపిల్లోడు, ఆ వయసులో అంతే’ అని నవ్వి డబ్బు కట్టి వచ్చింది కూడా ఈయనే. అమ్మాయి నోటుబుక్కు తిరగేస్తే వెనక పేజీల నిండా అదే పిల్లి, అదే పేరు రకరకాలుగా వేసి ఉన్నాయి. ఆడపిల్లలు కూడా ఇలాంటివి చేస్తారా? దాని స్వభావంలోనే ఏదైనా లోపం ఉందా? పోలీసు కేసు ముందుముందు అడ్డొస్తుందా? మా వారికి ఎలా చెప్పాలి? బడిలో చెప్పాలా, వద్దా? — ఒక తల్లి, తిరుపతి

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకంటే, మధ్యలో మాటవరసకు రాసినట్టున్న ఒక వాక్యమే మీ ఉత్తరంలో అసలు విషయమని నాకు అనిపించింది. అది మీ అబ్బాయి బస్సు సీట్లు కోసిన సంగతి. రెండు పనులనూ పక్కపక్కన పెట్టి, ఎవరు చేశారన్నది కాసేపు మరిచిపోయి, ఏం జరిగిందన్నది మాత్రమే చూడండి. బ్లేడుతో కోసిన సీటును విప్పి కొత్త గుడ్డ వేయించేదాకా, రోజూ ఎక్కే ప్రయాణికులు ఆ చిరుగు మీదే కూర్చోవాలి. ఆ కోతలో చెప్పదలచుకున్నదీ లేదు, చేతిపనీ లేదు. గోడ మీది పిల్లి ఒక పూట పనితో, కొంచెం రంగుతో పోతుంది. నష్టం లెక్కన చూస్తే అబ్బాయి చేసిందే పెద్దది. శిక్ష మాత్రం తలకిందులుగా పడింది: అతనికి ఒక నవ్వు, ఆమెకు మౌనం, చదువు మధ్యలో ఊరు మార్పు.

అలాగని మీ భర్తగారిని అన్యాయస్థుడని అనను. ఆయన కోపం గోడ గురించి కాదని మీకూ తెలుసు. రాత్రివేళ, అబద్ధం చెప్పి, అబ్బాయిలతో, అందులో ఒకడు వయసులో పెద్దవాడు, చివరికి పోలీసుల ముందు నిలబడటం: ఆయనను కుదిపేసింది ఈ వరుస. వీటిలో కొన్నిటికి తండ్రి భయపడటం న్యాయమే. కానీ అమ్మాయి భద్రత గురించిన భయానికీ, గోడ పాడుచేసినందుకు వేసే శిక్షకూ ఒకే ఖాతా తెరిస్తే రెండూ సరిగ్గా తేలవు. భయం గురించి ఆమెతో విడిగా మాట్లాడాలి. గోడ గురించి, అద్దాల గురించి విడిగా తేల్చాలి. ఆయనతో మాట కలిపేటప్పుడు ఈ ముడి విప్పడంతోనే మొదలుపెట్టండి.

ఇక, ఆడపిల్లలు కూడా చేస్తారా అన్న మీ ప్రశ్న. చేస్తారు. అబ్బాయిలకంటే తక్కువమంది చేస్తారు, కానీ మనం ఊహించుకున్నంత తక్కువేమీ కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు పుట్టినప్పటి నుంచి పెద్దవయసు దాకా వెంటబడి గమనిస్తూ వచ్చారు. ఆ పరిశీలన ఆధారంగా టెర్రీ మోఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఒక ముఖ్యమైన విభజన చేశారు. చిన్నప్పటి నుంచే కొట్లాటలు, దొంగతనాలు, క్రూరత్వంతో మొదలై పెద్దయ్యాక కూడా ఆ దారి వదలని కొద్దిమంది ఒక రకం. కౌమారంలో మాత్రమే కట్టుతప్పి, ఇరవైలు దాటుతూండగా చాలావరకు తమంతట తాము సర్దుకునే ఎక్కువమంది రెండో రకం. 2001లో ఆమె సహ పరిశోధకులతో కలిసి ఆడ, మగ తేడాలను లెక్కగట్టినప్పుడు, మొదటి రకంలో పదిమంది మగవాళ్లకు ఒక ఆడమనిషి తేలగా, రెండో రకంలో ప్రతి ముగ్గురు అబ్బాయిలకు ఇద్దరు అమ్మాయిలు తేలారు. ఆ కౌమారపు దశలో ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు ఒకే బాటలో నడుస్తారని ఈ లెక్క చెబుతుంది. మనవాళ్లు ‘ఆ వయసులో అంతే’ అనే మాటలో నిజం ఉంది. దాన్ని కొడుకుకు మాత్రమే వాడటంలోనే తప్పుంది.

అదే డునెడిన్ పిల్లల మీద 1993లో వచ్చిన మరో ఫలితం ఇక్కడ పనికొస్తుంది. తోటివాళ్లకంటే ముందుగా యుక్తవయసు వచ్చిన ఆడపిల్లలు, ఆడపిల్లల బడుల్లో కంటే అబ్బాయిలు కూడా చదివే బడుల్లో ఇలాంటి పనుల వైపు ఎక్కువగా వెళ్లినట్టు అందులో కనబడింది. దీన్ని పట్టుకొని ‘అందుకే ఆడపిల్లల బడిలో వేయాల్సింది’ అని తీర్మానించకండి. శరీరం ముందే ఎదిగిన పిల్ల చుట్టూ ఆమెకంటే పెద్ద వయసు వాళ్లు చేరతారని, వాళ్లు అప్పటికే చేస్తున్న పనులు ఆమెకు పెద్దరికంలా తోస్తాయని, తల్లిదండ్రులు గమనించవలసింది ఆ సహవాసాన్నని ఆ ఫలితాన్ని అర్థం చేసుకోవచ్చు. మీ అమ్మాయి సంగతిలో నేను పిల్లి బొమ్మ గురించి కాకుండా ఆ డిగ్రీ కుర్రవాడి గురించి ఎక్కువ ఆలోచిస్తున్నాను. పదో తరగతి పిల్లలతో రాత్రిపూట గోడల దగ్గర అతనికేం పని అన్నది మీరు నెమ్మదిగా, నిందించకుండా తెలుసుకోవలసిన ప్రశ్న. అది తెలియాలంటే ముందు ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి.

స్వభావంలో లోపం ఉందా అని అడిగారు. స్వభావం అనే మాటను మనం గంపగుత్తగా వాడేస్తాం గానీ, ఈ విషయంలో కనీసం రెండు గుణాలను విడదీసి చూడాలి. ఒకటి, కొత్తదనం కోసం, ఉత్కంఠ కోసం వెంపర్లాడే గుణం. రెండోది, మనసులో పుట్టిన కోరికను ఒక్క క్షణం కూడా ఆపుకోలేని తొందరపాటు. మొదటి గుణాన్ని కొలవడానికి మార్విన్ జుకర్‌మన్ 1964లో ఒక కొలమానం తయారుచేశారు. అప్పటి నుంచి దాని మీద చాలా పని జరిగింది. ప్రమాదకరమైన సాహసాలు, విసుగును భరించలేకపోవడం, కట్టుబాట్లను తెంచుకోవడం వంటి భాగాల్లో మగవాళ్లు సగటున ఎక్కువగా తేలుతారు. కొత్త అనుభవాల మీద, కళల మీద, వింత మనుషుల మీద ఉండే ఆసక్తిలో మాత్రం ఆడ, మగ తేడా దాదాపు కనబడదు. యుక్తవయసుతో ఎగసిపడే ఈ గుణం ఇరవైలలో నెమ్మదిగా తగ్గుతుంది. ఆపుకునే శక్తి మాత్రం తాపీగా, ఇరవైలు వచ్చేదాకా పెరుగుతూ పోతుంది. ఆ మధ్యకాలంలోనే పిల్లలు ఇళ్లలో మాటలు పడతారు.

ఇప్పుడు మీరు చూసిన ఆ నోటుబుక్కును ఈ దృష్టితో మళ్లీ చూడండి. పేజీ తరువాత పేజీ ఒకే పిల్లిని, ఒకే నాలుగక్షరాలను, ఒత్తులు ఒకచోట సాగదీసి, ఒకచోట కుదించి, ‘ప’ గుడిని పిల్లి తోకలోకి కలిపి దిద్దుకున్న పిల్ల తొందరపాటు మనిషి కాదు. ఆమె ఓపికగా సాధన చేసింది, ఒక చోటు ఎంచుకుంది, రంగు కొనుక్కుంది, ఇంట్లో ఏం చెప్పాలో కూడా ముందే అనుకుంది. (అబద్ధాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు, పథకం ఉందని మాత్రమే అంటున్నాను.) స్కూటర్ అద్దాలు విరగ్గొట్టిన చేతుల వెనక ఉన్న మనసు వేరు, ఈ పేజీల వెనక ఉన్న మనసు వేరు. మీ అబ్బాయి సీటు కోసిన రోజు బహుశా చేతిలో బ్లేడు ఉండటం, పక్కన నవ్వేవాళ్లు ఉండటం తప్ప వేరే కారణమేదీ అతనికే తెలియకపోవచ్చు. ఇతరుల పట్ల దయ, సర్దుబాటు తక్కువగా ఉండటం, బాధ్యతగా ఒక పని పూర్తిచేసే అలవాటు తక్కువగా ఉండటం: ఈ రెండూ సంఘవిరుద్ధమైన పనులతో ముడిపడి ఉంటాయని వ్యక్తిత్వం మీద జరిగిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. మీ అమ్మాయి ఇంట్లో, బడిలో, చిన్నపిల్లలతో, వీధిలో కుక్కలతో ఎలా ఉంటుందో మీరే చెప్పగలరు. అక్కడ ఆమె ఎప్పటిలాగే ఉంటే, లోపం అన్న మాటను ఇంట్లోంచి తీసేయండి.

పక్కన మనుషులు ఉండటం ఈ వయసులో చిన్న విషయం కాదు. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, 13–16 ఏళ్ల పిల్లలు, 18–22 ఏళ్ల యువకులు, 24 దాటిన పెద్దలు కంప్యూటర్ మీద ఒక కారు ఆట ఆడారు. పసుపు దీపం పడ్డాక కూడా ఎంతదాకా తెగించి నడుపుతారన్నది పరీక్ష. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు ఇద్దరు స్నేహితులు చూస్తుండగా ఆడారు. పెద్దవాళ్లు ఎవరు చూసినా చూడకపోయినా ఒకేలా ఆడారు. పిల్లలు మాత్రం స్నేహితుల ముందు చాలా ఎక్కువ తెగించారు. ఒంటరిగా ఉన్నప్పుడు మీ అమ్మాయి వేసిన పిల్లులన్నీ నోటుబుక్కులోనే ఉన్నాయి. అయిదుగురు కలిశాకే అది గోడెక్కింది.

మరి అమ్మాయికి గోడే ఎందుకు కావలసి వచ్చింది? నా అంచనా చెబుతాను, ఒప్పుకోవలసిన పని లేదు. మన ఊళ్లో మగపిల్లవాడి ఉత్కంఠకు సమాజం బోలెడు చోట్లు వదిలిపెట్టింది. బైకు మీద ముగ్గురు కూర్చొని తిరుపతి రోడ్లన్నీ చుట్టివచ్చినా, కొత్త సినిమా వచ్చిన రోజు హాలు ముందు కటౌట్ ఎక్కినా, అర్ధరాత్రి టీ అంగడి దగ్గర నిలబడినా మందలింపు తప్ప మచ్చ ఉండదు. అంతెందుకు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే, బండ వేషం వేసినవాడు నోటికొచ్చిన బూతు తిట్టినా జనం నవ్వుతూ వింటారు. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకొని వీధుల్లో తిరిగితే అది మొక్కు. కట్టు తప్పడానికి కూడా ఒక తిథి, ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్న ఊరు మనది, అది గొప్ప తెలివి. కానీ ఆ వేషాల వీధి ఎక్కువగా మగవాళ్లదే. పదిహేనేళ్ల ఆడపిల్లకు, ఎవరూ తనను ‘ఫలానావాళ్ల అమ్మాయి’ అని గుర్తుపట్టని అరగంట, తనకు తాను పెట్టుకున్న పేరుతో తిరగగలిగిన అరగంట ఎక్కడ దొరుకుతుంది? నల్లపిల్లి ఆ అరగంటకు పెట్టుకున్న పేరు. ఉత్కంఠ కోరే గుణం మగపిల్లల సొత్తు కాదు. దానికి అనుమతి మాత్రమే వాళ్ల సొత్తుగా నడుస్తోంది.

గోడల మీద మారుపేరు రాసుకోవడం ఈ తరహాలో మొదలైంది కూడా ఇలాంటి ఆకలితోనే. 1971లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ‘టాకీ 183’ అన్న పేరును ఊరంతా రాసుకుంటూ పోతున్న కుర్రవాడి గురించి ఒక వార్త వేసింది. 183 అతను ఉండే వీధి సంఖ్య. ఆ వార్త చూసి ఎంతోమంది కుర్రాళ్లు తమ పేర్లు రాయడం మొదలుపెట్టారు. అబ్బాయిల గుంపులకు అది త్వరలోనే మగతనపు పరీక్ష అయింది: ఎవరు ఎక్కువ ఎత్తు ఎక్కారు, ఎవరు ఎక్కువ ప్రమాదంలో రాశారు అన్నదే లెక్క. ఆ లోకంలోకి 1979లో లేడీ పింక్ అన్న పేరుతో ఒక టీనేజీ అమ్మాయి వచ్చి రైలుపెట్టెల మీద బొమ్మలు వేసింది. అలా వచ్చిన ఆడపిల్లలు బొమ్మ బాగా వేస్తే చాలదు, తాము భయపడటం లేదని కూడా అబ్బాయిలకు నిరూపించుకోవలసి వచ్చింది. మీ అమ్మాయి ఆ రాత్రి అద్దాలు విరుగుతుంటే ఆపలేదెందుకు అని మీరు అడిగితే, బహుశా వచ్చే నిజాయితీ గల జవాబు అదే అవుతుంది. ఆ ప్రశ్న తప్పకుండా అడగండి, కానీ జవాబు విన్న వెంటనే ఉపన్యాసం మొదలుపెట్టకండి.

మాట్లాడేటప్పుడు ఆమె నుంచి కొన్ని వాదనలు వస్తాయి, సిద్ధంగా ఉండండి. ‘గోడే కదా, ఎవరికేం నష్టం’ అంటుంది. ‘అద్దాలు నేను పగలగొట్టలేదు’ అంటుంది. ‘పార్టీల వాళ్లు ఊరంతా రాయట్లేదా, హీరో అభిమానులు రాయట్లేదా, వాళ్లనెవరు పట్టుకున్నారు’ అంటుంది. ‘ఫ్రెండ్స్‌ని వదిలి వచ్చేయమంటావా’ అంటుంది. తప్పుచేసిన పిల్లలు తమ మనసును ఊరడించుకోవడానికి ఇలాంటి సమర్థనలే వాడతారని సైక్స్, మాట్జా అనే సామాజిక శాస్త్రవేత్తలు 1957లోనే గుర్తించారు: బాధ్యత నాది కాదు, నష్టం లేదు, బాధితుడే లేడు, నన్ను తప్పుపట్టేవాళ్లే దొంగలు, నావాళ్ల కోసం చేశాను. నేరం మీద నమ్మకం ఉన్నవాడికి ఈ సమర్థనలతో పని లేదు. మంచి చెడ్డల పట్టింపు ఉన్నవాడికే ఇవి కావాలి. కాబట్టి ఆమె వాదిస్తే మొండితనం అనుకొని నోరు మూయించకండి.

పార్టీల గోడరాతల మాట ఆమె అంటే, నిజమేనని ఒప్పుకోండి. బహిరంగ స్థలాలను వికృతం చేయకూడదని మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది. అది నాయకులకూ వర్తిస్తుంది, అభిమానులకూ వర్తిస్తుంది, నల్లపిల్లికీ వర్తిస్తుంది. పెద్దవాళ్లు పాటించని నియమాన్ని పిల్లలకు మాత్రమే చదివి వినిపిస్తే వాళ్లు నవ్వుకుంటారు. కానీ ‘నష్టం లేదు’ అన్న మాటకు ఒక గట్టి జవాబు ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో చేసి 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒక సందులో నిలిపిన సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి పెట్టారు. సందు గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితాన్ని నేల మీద పడేశారు; అదే గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 మంది పడేశారు. గోడ మీద మొదటి గీత గీసినవాడు పక్కవాడి చేతికి కూడా అనుమతి ఇచ్చేస్తున్నాడన్నమాట. ఆ రాత్రి మీ అమ్మాయి రంగు చల్లుతుండగానే పక్కన అద్దాలు పగిలాయి కదా. ఈ రెండిటికీ సంబంధం ఉందేమో ఆమెనే ఆలోచించమనండి.

పోలీసు విషయం త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే మీరు భయపడినంత లేదు. 18 ఏళ్లలోపు వాళ్లకు 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద కేంద్రం 2016లో తెచ్చిన నమూనా నియమాల ప్రకారం, అతి తీవ్రమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసినదైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయరు. స్టేషన్ డైరీలో రాసుకొని, బాలల సంక్షేమ పోలీసు అధికారి ద్వారా ఇంటి పరిస్థితుల నివేదిక తయారుచేసి బాలల న్యాయ మండలికి పంపుతారు. అక్కడిదాకా వెళ్లినా ఇలాంటి వాటికి మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులు కట్టే జరిమానా వంటి ఉత్తర్వులే సాధారణం. ఆ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, చిన్నతనంలో చేసినదాని కారణంగా చదువుకో ఉద్యోగానికో అనర్హత రాదు. 74వ సెక్షన్ ప్రకారం పిల్ల పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. కాబట్టి ఎవరైనా ఆ రాత్రి వీడియో తీసి తిప్పుతుంటే ఆపించే హక్కు మీకుంది. పెద్దవాళ్ల సంగతి వేరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ప్రభుత్వ ఆస్తికి నష్టం చేస్తే ఏడాది దాకా, 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల ధ్వంస నిరోధక చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ డిగ్రీ కుర్రవాడికి 18 నిండి ఉంటే అతను ఈ లెక్కలోకి వస్తాడు. అతనితో కలిసి ఇంకోసారి పట్టుబడితే ‘పెద్దవాళ్లతో కలిసి’ అన్న మాట మీ అమ్మాయికి కూడా చుట్టుకుంటుంది. ఈ సంగతి ఆమెకు నేరుగా చెప్పండి. పదిహేనేళ్ల వాళ్లకు భయంకంటే వివరం బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు చేయవలసింది. కాగితం రాయించుకొని పంపేశారు గనుక అయిపోయిందని ఊరుకోవద్దు, ఎందుకంటే గోడ ఇంకా అలాగే ఉంది, ఇద్దరు స్కూటర్ల వాళ్లు సొంత డబ్బుతో అద్దాలు వేయించుకొని ఉంటారు. తండ్రి ఆ కార్యాలయంలో బాధ్యత గల అధికారిని కలిసి, ఒక ఆదివారం పొద్దున గోడ కడిగి రంగు వేస్తామని అనుమతి అడగాలి. రంగు ఖర్చు కొంతైనా ఆమె దాచుకున్న డబ్బులోంచి రావాలి. పని ఆమే చేయాలి, ఆయన పక్కన నిలబడాలి. కాపలా కాస్తున్నట్టుగా కాక, ఆయన చేతిలో కూడా ఒక బ్రష్ ఉంటే మరీ మంచిది. స్ప్రే పెయింటు మీద నేరుగా సున్నం వేస్తే కొన్నాళ్లకు నల్లగా పైకి తేలుతుంది కాబట్టి, ముందు గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, ఆపైన గోడ రంగు వేయించండి. ఈ శ్రమంతా పడ్డాక గోడే కదా అన్న మాట ఆమె నోట మళ్లీ రాదు. స్కూటర్ల వాళ్లు దొరికితే, ఆమె క్షమాపణ చెప్పి తన వాటా డబ్బు ఇవ్వాలి. చుట్టాలను పిలిచి చూపించడం, వాట్సాప్‌లో ఫొటో పెట్టడం వద్దే వద్దు. సిగ్గుపరిచిన పిల్ల గోడ మానేయవచ్చేమో గానీ ఇంటికి నిజం చెప్పడం కూడా మానేస్తుంది.

ఆ ఆదివారం మీ అబ్బాయి కూడా బకెట్టు మోయాలని నా అభిప్రాయం. రెండేళ్ల కిందటి తప్పుకు ఇప్పుడు శిక్ష వేయమని కాదు. ‘నువ్వు చేసినప్పుడు నేను నవ్వాను, అది నవ్వదగ్గది కాదు’ అని తండ్రి కొడుకుతో, కూతురు వింటుండగా ఒక్కసారి అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఇద్దరు పిల్లలకూ ఇంట్లో కొలత ఒకటేనని తెలుస్తుంది. ఆయనకు ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు. ఆయన లెక్కచేసే పెద్ద ఎవరైనా, మీ మామగారో ఆయన అక్కో, చెబితే మేలు. నేరుగా మీరే చెప్పవలసి వస్తే మాత్రం ‘మీరు ఆడపిల్లని చిన్నచూపు చూస్తున్నారు’ అని మొదలుపెట్టవద్దు. ‘అవ్వ ఊరికి పంపితే అక్కడ దీన్ని ఎవరు కనిపెట్టుకొని ఉంటారు, ఇక్కడైతే మీ కళ్ల ముందుంటుంది కదా’ అనండి. భయపడుతున్న తండ్రికి ఆ మాట అర్థమవుతుంది. పదో తరగతి పరీక్షల ముందు బడి మార్పించడం ఎలాగూ తెలివైన పని కాదు.

డ్రాయింగ్ క్లాసు వెంటనే మొదలుపెట్టించండి. అది శిక్షగా తీసేయవలసింది కాదు. బొమ్మ వేయడం తప్పు కాదు, ఎక్కడ వేసిందన్నదే తప్పు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1984లో గోడరాతలను ఆపడానికి పెట్టిన కార్యక్రమంలో, పట్టుబడిన కుర్రాళ్ల చేతికే బ్రష్షులిచ్చి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి ఆధ్వర్యంలో పెద్ద పెద్ద కుడ్యచిత్రాలు వేయించారు. ఆ పని తరువాత ఒక శాశ్వత సంస్థగా నిలబడింది. మన దగ్గర శ్రీకాళహస్తి ఎంత దూరం? కలంకారీ పనివాళ్లు వెదురు కలంతో చేత్తో గీత గీస్తుంటే ఒక పూట కూర్చొని చూసే అవకాశం ఆమెకు కల్పించండి. పేజీల కొద్దీ సాధన చేసే పిల్లకు అలాంటి చేతులు నచ్చుతాయి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి: అనుమతి ఉన్న గోడ దొరికితే గుండెదడ అంతా తీరిపోతుందని అనుకోవద్దు. దొంగతనంగా చేయడంలోనే ఆ రుచి సగం ఉంది. ఆ సగానికి వేరే దారి చూపాలి: ఎన్‌సీసీ, కరాటే, కబడ్డీ, పెద్దవాళ్లు నడిపే బృందాలతో తలకోన అడవిలో నడక, ఏదైనా సరే, చెమట పట్టి భయం వేసేది, ఆడపిల్లవి నీకెందుకు అని ఎవరూ అననిది. ఫోన్ కూడా తిరిగి ఇవ్వండి, రాత్రిపూట ఎక్కడికి వెళ్లినా ఎవరితో ఉందో చెప్పాలన్న షరతుతో. అదే షరతు అన్నకూ పెట్టండి.

ఎప్పుడు కంగారు పడాలో కూడా చెప్పాలి. మూగజీవాలను హింసించడం, నిప్పు పెట్టడం, డబ్బు మాయమవడం, మత్తు వాసన, చేతుల మీద కోతలు, వారాల తరబడి నిద్ర, తిండి తప్పిపోవడం, ఎవరో బెదిరిస్తున్నట్టు ఫోన్ చూసి ఉలిక్కిపడటం: ఇలాంటివి మీ ఇద్దరి పిల్లల్లో ఎవరిలో కనిపించినా వయసు అని సరిపెట్టుకోకుండా రుయా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి, లేదా 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి. పెద్దవాడెవరైనా ఆమెను వేధిస్తున్నాడని అనుమానం వస్తే 1098కి చేయండి. గోడ మీద పిల్లి బొమ్మ మాత్రం ఈ జాబితాలోకి రాదు.

చివరగా బడి. అమ్మాయిని పట్టుకున్నది బడి వెలుపల, బడి సమయం కాని వేళ. కాబట్టి మీరు చెప్పి తీరాలన్న నియమం లేదు. మిగిలిన ఇద్దరు అమ్మాయిలు కూడా అదే తరగతి వాళ్లయితే ముందు వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడండి, ఎందుకంటే ముగ్గురి ఇళ్లలో మూడు రకాల శిక్షలు పడితే పిల్లలు వాటినే పోల్చుకుంటూ కూర్చుంటారు. కథ ఇప్పటికే తరగతిలో తిరుగుతోందని తెలిస్తే మాత్రం, పుకారుకంటే ముందు మీరే వెళ్లి, ఆమె ఇష్టపడే ఒక టీచరుతో గోడకు రంగు వేసిన సంగతితో సహా చెప్పండి. పేరు ప్రార్థన సమయంలో పిలవవద్దని కూడా అడగండి.